జేబుకు తగ్గ గురి

సిరిసిల్ల జిల్లా ఎల్లారెడ్డిపేట చుట్టుపక్కల తుపాకి అనగానే ఎవరికీ ఆట గుర్తుకు రాదు. పాతతరానికి గడీ గోడకు వేలాడిన దొర తుపాకి యాదికొస్తుంది. వారి తర్వాతివారికి నక్సల్ దళాల భుజాల మీది తుపాకి, దాని వెనకే రాత్రిపూట ఊరిమీదికొచ్చిన పోలీసుల తుపాకి. 1978 సెప్టెంబర్‌లో దొరలకు ఎదురు నిలిచిన రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగితే, మరుసటి నెలలోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దొరలు పట్నం బాట పట్టారు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా ఈ ఊళ్లలో ఎవరి చేతిలోనైనా తుపాకి కనిపిస్తే ‘ఎటువైపు మనిషి?’ అన్నదే మొదటి ప్రశ్న. సరదాకు, ఆటకు తుపాకి పట్టేవాళ్లుంటారని ఊహించడానికి కూడా తీరికలేని కాలమది.

ఇప్పుడు ఆ ప్రశ్న మారింది. పోటీ పరీక్షలకు చదివే కుర్రాడు, డిగ్రీ కాలేజీలో ఎన్‌సీసీ యూనిఫాం వేసుకునే అమ్మాయి, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన యువకుడు 2024 పారిస్ ఒలింపిక్స్ షూటింగ్‌ను సెల్‌ఫోన్లో చూశారు. ఒక్క షూటింగ్‌లోనే మన దేశానికి మూడు కాంస్యాలు వచ్చాయి. ‘నేను గూడ కొట్టొచ్చునా?’ అన్న ఆశ పుట్టింది. ఆ వెంటనే ఇంకో ప్రశ్న పుట్టింది: ‘ఎంతైతది?’

ఈ కథనం ఆ రెండో ప్రశ్న గురించే.

స్థలం అమ్మి కొన్న రైఫిల్

ధర సంగతి దాచకుండా చెప్పుకుందాం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల్లో అంతర్జాతీయ షూటర్లు వాడేవి జర్మనీ వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, ఆన్‌షుట్జ్, ఆస్ట్రియా స్టేయర్. కొత్తది రెండు మూడు లక్షల రూపాయల మాట. బిర్రుగా ఒంటిని పట్టి ఉంచే కాన్వాస్ జాకెట్టు, ప్యాంటు, అడుగు చదునుగా ఉండే బూట్లు, చేతి గ్లౌజు వేరే. సాంచాల (మరమగ్గాల) మధ్య ఏడాది పొడవునా నిలబడే సిరిసిల్ల కార్మికుడు తన సంపాదన మొత్తం తెచ్చి పోసినా చాలకపోవచ్చు.

ఈ ఆటకు ‘డబ్బున్నోళ్ల ఆట’ అన్న పేరు ఊరికే రాలేదు. 2008 బీజింగ్‌లో మన దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన అభినవ్ బింద్రాకు ఇంటి ఆవరణలోనే సొంత రేంజ్ ఉండేది. అది అతని ప్రతిభను తగ్గించే మాట కాదు, కానీ మన లెక్కకు పనికొచ్చే ఉదాహరణా కాదు. మనకు పనికొచ్చేది హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కథ. ఉద్యోగం మీద బతికే ఇల్లు. కొడుక్కి మంచి రైఫిల్ కొనడానికి తండ్రి స్థలం అమ్మారు, కుటుంబం ఏళ్లపాటు అద్దె ఇంట్లో సర్దుకుంది. 2012 లండన్‌లో ఆ కుర్రాడు 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. వెండి గెలిచిన ఇటలీ షూటర్ నికోలో కాంప్రియానికీ ఇతనికీ తేడా 0.4 పాయింట్లు. ఆ తేడా కాగితం మీద కంటికి ఆనదు.

ఇంకా దగ్గరి కథ స్వప్నిల్ కుసాలేది. కొల్హాపూర్ జిల్లా కంబల్‌వాడీ అనే పల్లె, తండ్రి బడిపంతులు. 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ ఆడేవాడు. అందులో ఎయిర్‌గన్ పెల్లెట్లు పనికిరావు, .22 తూటాలు కావాలి. కొడుకు సాధన మొదలుపెట్టిన రోజుల్లో ఒక్కో తూటా 120 రూపాయలు పడేదనీ, తండ్రి అప్పు చేసి కొన్నాడనీ పతకం వచ్చినప్పుడు పత్రికలు రాశాయి. లెక్క కట్టండి. క్వాలిఫికేషన్‌లో 60 షాట్లుంటాయి. అంటే ఒక్కసారి మ్యాచ్ పద్ధతిలో సాధన చేస్తే 7,200 రూపాయలు పొగ అయిపోతాయి. తర్వాత రైల్వేలో టీటీఈ ఉద్యోగం వచ్చింది. 2024 ఆగస్టు 1న పారిస్‌లో 451.4 పాయింట్లతో కాంస్యం వచ్చింది. ఆ విభాగంలో భారత్‌కు అదే తొలి ఒలింపిక్ పతకం.

ఈ రెండు కథలూ చదివి ‘మనం కూడా ఎకరం అమ్ముదాం’ అనుకునే తండ్రులుంటారు. వద్దు. అమ్మిన స్థలాలన్నీ పతకాలు కాలేదు, ఆ కథలను ఎవరూ రాయలేదు అంతే. ఈ కథనం ఒలింపిక్స్ కోసం కాదు. నెలకు వెయ్యి, పదిహేను వందలకు మించి జేబులో నుంచి తీయలేని మనిషి ఈ ఆటను ఎట్లా ఆనందించొచ్చో చెప్పడానికి.

జాతరలో మొదటి పాఠం

వేములవాడ రాజన్న జాతరకు వెళ్లిన ప్రతి పిల్లవాడూ తుపాకి పట్టే ఉంటాడు. రంగుల రాట్నం పక్కన, మిఠాయి దుకాణాల వరుస చివర, చెక్కకు కొట్టిన గుడ్డ మీద వరుసగా బెలూన్లు. ముందొక బల్ల, దాని మీద రెండు మూడు పాత ఎయిర్‌గన్లు. గొట్టం మడిచి స్ప్రింగు ఎక్కించి, చిన్న సీసపు గుండు పెట్టి, దుకాణం మనిషి చేతికిస్తాడు. వాటిలో సైట్ సరిగ్గా ఉన్న తుపాకి దొరకడం అరుదు. ఓసారి శివరాత్రికి ఒక కుర్రాడు వరుసగా తప్పి గొడవకు దిగాడు.

“అన్నా, గీ తుపాకి గొట్టమే వంకరున్నది!”

“వంకరుంటే వంకర చూసి కొట్టు తమ్మీ. అది ఎప్పుడైనా ఒక్క తీర్గనే తప్పుతది.”

పెద్ద పెద్ద కోచ్‌లు చెప్పే మొదటి పాఠం కూడా అదే. తగిలిన చోట్లన్నీ ఒకే పక్కన గుంపుగా పడితే లోపం తుపాకి సైట్‌ది. సైట్ తిప్పితే, లేదా గురి పక్కకు జరిపితే సరిపోతుంది. అటొకటి ఇటొకటి చెదిరిపడితే లోపం మనిషిది. అప్పుడు మూడు లక్షల రైఫిల్ తెచ్చిచ్చినా చెదిరిపడుడు ఆగదు. రైఫిల్ వాళ్ల భాషలో దీన్ని గ్రూపింగ్ అంటారు. మధ్యలో కొట్టడం తర్వాతి సంగతి, ముందు అన్నీ ఒకే చోట కొట్టాలి.

కాబట్టి జాతరలో డబ్బులిచ్చి తుపాకి తీసుకున్నప్పుడు మొదటి గుండును బెలూన్‌కు కాక రెండు బెలూన్ల నడుమ గుడ్డ మీద ఏదైనా మచ్చకు కొట్టండి. గుండు ఎటు పోయిందో చూడండి. రెండోది అక్కడికే కొట్టండి. అదే పక్కకు అంతే దూరం పోతే ఆ తుపాకి గుణం తెలిసిపోయినట్టే. మిగిలిన గుండ్లకు బెలూన్లు పగులుతాయి. దుకాణం అన్నకు మాత్రం మీరంటే కొంచెం గుర్రు.

సర్కారు తూటాలు

అసలైన రైఫిల్‌ను పైసా ఖర్చు లేకుండా కాల్చే దారి 1948 నుంచీ ఉంది. చాలామంది దాన్ని పోలీసు ఉద్యోగానికీ, సర్టిఫికెట్ మార్కులకూ తప్ప వాడుకోరు. అదే ఎన్‌సీసీ. క్యాడెట్‌కు .22 రైఫిల్ ఇస్తారు, తూటాలు ఇస్తారు, పక్కన నిలబడి నేర్పే హవల్దార్ ఉంటాడు. బోర్లా పడుకుని, ఎడమ మోచేయి రైఫిల్ కిందికి తెచ్చి, బట్టు భుజం గుంతలో బిగించి ఐదు తూటాలు కాలుస్తారు. తర్వాత కాగితం తెచ్చి ఐదు చిల్లులూ ఎంత దగ్గరగా పడ్డాయో స్కేలు పెట్టి కొలుస్తారు. జాతర అన్న చెప్పిన పాఠానికే ఇక్కడ మార్కులు.

ఐదు తూటాలే కదా అని తీసిపారేయొద్దు. మంచి గ్రూపింగ్ వచ్చిన క్యాడెట్లను బెటాలియన్ జట్టుకు ఎంపిక చేస్తారు. అక్కడ కాల్చే తూటాల సంఖ్య పెరుగుతుంది. ఢిల్లీలో జరిగే థల్ సైనిక్ క్యాంపులోనూ, డైరెక్టరేట్ల మధ్య షూటింగ్ పోటీల్లోనూ మన డైరెక్టరేట్ తరఫున నిలబడే అవకాశం అక్కడినుంచే వస్తుంది. ఆ తూటాల ఖరీదెంతో కుసాలే తండ్రిని అడిగితే తెలుస్తుంది. మన దగ్గర ఫైరింగ్ రోజున ‘ఎండ ఎక్కువుంది సార్’ అని చెట్టు నీడకు జరిగే క్యాడెట్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

చిక్కల్లా ఒకటే, ఫైరింగ్ ఏడాదికి కొద్ది రోజులే ఉంటుంది. మిగతా రోజుల్లో ఏం చేయాలి?

33 అడుగుల పెరడు

ఇక్కడ పల్లెవాడిదే పైచేయి. ఎయిర్ రైఫిల్ దూరం పది మీటర్లు, అంటే 33 అడుగులకు ఒక గుప్పెడు తక్కువ. హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో అంత పొడవు దొరకాలంటే హాల్‌లో నిలబడి బాల్కనీలోకి కొట్టాలి, పక్కింటాయన ఊరుకోడు. ఎల్లారెడ్డిపేటలో కోడళ్లు కల్లాపి చల్లే వాకిలే అంతకన్నా పొడుగు.

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. ఆయుధాల నిబంధనలు-2016 ప్రకారం 0.177 అంగుళాల బోర్ అంటే 4.5 మిల్లీమీటర్లు ఉండి, గుండు బయటికొచ్చేటప్పటి శక్తి 20 జౌల్స్ మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కరలేదు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి దాటినా లైసెన్స్ కావాలి. కొనేటప్పుడు గుర్తింపు, చిరునామా కాగితాలిచ్చి బిల్లు తీసుకోండి. పెట్టె మీద శక్తి ఎంతని రాసుందో చూసుకోండి. బిల్లు జిరాక్స్ తుపాకి కవర్‌లోనే ఉంచండి. మిగతాచోట్ల సంగతేమోగానీ, సిరిసిల్ల-కామారెడ్డి రోడ్డు మీద బైకు వెనక తుపాకి కట్టుకుని పోతే నలుగురూ ఆపి చూస్తారు. పాత జ్ఞాపకాలున్న నేల. కవర్‌లో పెట్టి జిప్పు వేసుకుని పోవడం మర్యాద.

మన దేశంలో తయారయ్యే స్ప్రింగు ఎయిర్ రైఫిళ్లు ఐదారు వేల నుంచి పదిహేను, ఇరవై వేల దాకా ఉన్నాయి. గొట్టం మడిచినప్పుడు లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది, మీట నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి గాలిని తోస్తుంది, గాలి గుండును తోస్తుంది. సిలిండర్ లేదు, పంపు లేదు. సిలిండర్‌లో గాలి నింపుకునే రకం తుపాకులు కాల్చడానికి సుఖంగా ఉంటాయి కానీ, 200 బార్ల దాకా గాలి నింపే పంపుకో ట్యాంకుకో మళ్లీ ఖర్చు. హైదరాబాద్‌లో ఎవరో కొత్తది కొని పాత విదేశీ రైఫిల్ అమ్ముతున్నారని తెలిస్తే ఆశపడతాం. కొనేముందు దాని సిలిండర్ మీద తయారీ తేదీ చూడాలి. తయారీదారులు వాటికి పదేళ్ల గడువు పెడతారు. గడువు దాటితే సిలిండర్ మార్చాలి, ఆ ఖరీదుకు మన స్ప్రింగు తుపాకే కొత్తది వస్తుంది.

డబ్బు చాలకపోతే నలుగురు కలవండి. చిట్టీ ఎత్తినవాడు తుపాకి కొంటాడు, మిగిలినవాళ్లు పెల్లెట్లు కొంటారు. రైఫిల్ షూటింగ్‌లో నలుగురికి ఒక తుపాకి లోటేమీ కాదు. ఒకరు కాలుస్తుంటే ఇంకొకరు చిల్లులు రాసుకుంటారు, మూడోవాడు తప్పులు చెప్తాడు.

పెల్లెట్లు దేశీయమైనవి ఒక్కోటి రూపాయి లోపు, మ్యాచ్‌లకు వాడే జర్మనీ రకం మూడు నాలుగు రూపాయలు. 500 పెల్లెట్ల డబ్బా తెస్తే, రోజుకు 20 కాల్చేవాడికి 25 రోజులు వస్తుంది. తల చదునుగా ఉన్న పెల్లెట్లే తేవాలి. అవి కాగితాన్ని చింపకుండా పంచింగ్ మిషను కొట్టినట్టు గుండ్రటి చిల్లు చేస్తాయి. మొన తేలినవి చింపుతాయి, పాయింట్లు లెక్కపెట్టడానికి కుదరదు.

గుండు ఆగే పెట్టె మనమే చేసుకోవచ్చు. సిరిసిల్ల వాళ్లకు ఇక్కడ ఇంకో సౌలభ్యం. రెండు జానల వెడల్పు చెక్క పెట్టె తీసుకుని, వెనక మందపాటి ఇనుప రేకు బిగించి, ముందు సాంచాల దగ్గర మిగిలే కత్తిరింపు గుడ్డను కాలితో తొక్కి తొక్కి కూరాలి. జానెడు మందం ఉండాలి. ముందు అట్టముక్క, దాని మీద టార్గెట్ కాగితం. గుండు గుడ్డలో చిక్కుకుంటుంది, ఎగిరి వెనక్కి రాదు. నెలకోసారి గుడ్డ తీసి దులిపితే సీసం గుండ్లు రాలతాయి, ఏరి డబ్బాలో వేసుకోవాలి. పెట్టెను గోడకు ఆనించాలి. ఆ గోడలో కిటికీ, తలుపు ఏదీ ఉండొద్దు.

టార్గెట్‌లో నల్లటి భాగం అడ్డంగా 30.5 మిల్లీమీటర్లు, అంటే పది రూపాయల బిళ్లకన్నా కొంచెం పెద్దది. దాని నడుమ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. ఆ కాగితం మీద ముద్రించిన ఫుల్‌స్టాప్ అంత. ఒలింపిక్ క్వాలిఫికేషన్‌లో 75 నిమిషాల్లో 60 సార్లు ఆ చుక్కను వెతకాలి. నిలబడి, భుజం మీద ఐదున్నర కిలోల వరకూ బరువు మోస్తూ.

మొదటి నెల ఆ చుక్క జోలికి పోవద్దు. టార్గెట్ కాగితం తిప్పి తెల్లటి వైపు పెట్టండి. ఖాళీ కాగితం నడుమకు ఐదు కొట్టండి. ఐదు చిల్లులూ పది రూపాయల బిళ్ల కింద దాగాలి. దాగిన రోజు టార్గెట్‌ను సరైన వైపుకు తిప్పండి. ఇందులో డబ్బు ఖర్చు కన్నా ఓపిక ఖర్చే ఎక్కువ. ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనించి, ఎముకల మీద బరువు మోపి, కండరాన్ని వదులుగా విడిచిపెట్టి, ఊపిరి సగం వదిలి ఆపి, మీటను లాగినట్టు కాక పిండినట్టు నొక్కాలి. గుండు వెళ్లిపోయాక కూడా రెండు క్షణాలు కదలొద్దు. గుండు ఇంకా గొట్టంలో ఉండగానే మనం కదిలిపోతాం కాబట్టి ఈ నియమం. స్ప్రింగు తుపాకిలో పిస్టన్ దూకుడుకు ఒళ్లంతా అదురుతుంది కనుక ఇది మరింత అవసరం. దాన్ని బిగించి పట్టే కొద్దీ చెడగొడుతుంది, అరచేతి మీద ఊరికే పెట్టుకోవాలి.

పెల్లెట్ లేకుండా స్ప్రింగు తుపాకిని కాల్చొద్దు. ముందు గాలి అడ్డు లేక పిస్టన్ వెళ్లి ఇనుముకు ఢీకొంటుంది, సీలు పాడవుతుంది. పెల్లెట్లు అయిపోయిన రోజున స్ప్రింగు ఎక్కించకుండా గురి పట్టి నిలబడండి. గోడ మీద చుక్క పెట్టుకుని పది నిమిషాలు. ఎట్లా వణుకుతున్నారో మీకే కనిపిస్తుంది. వినికిడి లేని షూటర్లలో మేటి, హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022 బ్రెజిల్ డెఫ్లింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచిందీ ఇట్లా కదలకుండా నిలబడే విద్యలోనే. ఆ విద్యకు బిల్లు ఉండదు.

పెరట్లో చేయి కుదిరాక పోటీకి పోవాలనిపిస్తే, అందుకూ చవక దారుంది. జాతీయ రైఫిల్ సంఘం 1951లో ఏర్పడింది, లోక్‌సభ తొలి స్పీకర్ జి.వి. మావలంకర్ పేరు మీద అఖిల భారత పోటీలు నడుపుతోంది. రాష్ట్ర పోటీల్లో ఎయిర్ రైఫిల్‌కు ఓపెన్ సైట్ విభాగం ఉంటుంది. చిల్లులోంచి చూసే ఖరీదైన పీప్ సైట్ లేకుండా, మామూలు గాడి, మొన సైట్‌తో ఆడేది. ఒలింపిక్స్‌లో ఈ విభాగం లేదు. మన జేబుకు ఇది చాలు. నెలకోసారి పొద్దున బస్సెక్కి, గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న రేంజ్‌నో, నగరంలో అద్దెకు రైఫిల్ ఇచ్చే అకాడమీనో చూసి రండి. మంచి రైఫిల్ ఎట్లుంటదో ఒక గంట అద్దెకు తెలుసుకోవడానికి మూడు లక్షలు అక్కరలేదు.

పిట్టల జోలికి పోవద్దు

ఎయిర్‌గన్ ఇంట్లోకి రాగానే ఊళ్లో కొందరికి మొదట గుర్తొచ్చేది చెరువు గట్టు మీది కొంగలు, చేన్లలో కౌజులు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ వేటను నిషేధించింది. ఎయిర్‌గన్‌కు లైసెన్స్ అక్కరలేదంటే పిట్టను కొట్టొచ్చని అర్థం కాదు. చిన్న గుండు పిట్టను వెంటనే చంపదు, గాయపరిచి ఎక్కడో పొదలో పడేస్తుంది. మన చేన్లలో ఇప్పుడు నెమళ్లు విరివిగా తిరుగుతున్నాయి, వాటి జోలికి పోతే జైలే. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ఎయిర్‌గన్ల అప్పగింత ఉద్యమమే నడిచింది, వేటగాళ్లు తమంతట తామే తుపాకులు తెచ్చి ఇచ్చారు. పిల్లల చేతికి తుపాకి ఇచ్చేముందు ఈ సంగతి కూర్చోబెట్టి చెప్పాలి.

ఇంకో రెండు జాగ్రత్తలు. కాల్చేవాడికి, పక్కనున్నవాడికి కళ్లద్దాలు ఉండాలి. పెల్లెట్లను నోట్లో పెట్టుకునే అలవాటు కొందరికుంది, అది సీసం. కాల్చాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నం ముందు కూర్చోవాలి.

చివరగా ఊరి పెద్దలకు ఒక మాట. మా మండలంలో గల్ఫ్‌కు పోయివచ్చినవారు, ఉద్యోగాల్లో స్థిరపడినవారు గుళ్లకు, ఊరి కమాన్లకు చందాలు ఇస్తున్నారు. అదే చేత్తో ఉన్నత పాఠశాలలో ఖాళీగా ఉన్న ఒక పొడుగు గదికి కూడా ఇవ్వండి. మన దేశంలో తయారైన, పదిహేను వేల లోపు ఓపెన్ సైట్ ఎయిర్ రైఫిళ్లు ఐదు కొంటే 75 వేలు దాటదు. పెట్టెలు, కళ్లద్దాలు, ఏడాదికి సరిపడా పెల్లెట్లు కలిపినా లక్షకు అటూఇటూ. ఒక జర్మన్ రైఫిల్ ధరలో దాదాపు సగమే. తాళంచెవి పట్టుకోవడానికి, పిల్లల పక్కన నిలబడటానికి మన ఊళ్లలో మాజీ సైనికులు ఉన్నారు, వాళ్లను పిలవండి. వేసవి సెలవులు మొదలయ్యేలోగా ఆ గది తెరవండి.